కుండీలో పాచి – నేరం ఎవరిది?

మీ ఇంట్లోగాని, బడిలోగాని పూలకుండీలు ఉంటే ఒకసారి దగ్గరకు వెళ్ళి మట్టిమీదకు వంగి చూడండి. పూలనూ ఆకులనూ అందరూ చూస్తారు. మట్టిని చూసేవాళ్ళు తక్కువ. వర్షాకాలంలోనైతే చాలా కుండీల్లో మట్టిపైన ఆకుపచ్చని పూత ఒకటి పరచుకొని ఉంటుంది. వేలితో తాకితే జారుతుంది. అదే పాచి. బావిగట్టు మీద, నీళ్ళతొట్టి అంచున, స్నానాలగది వెనుక గోడమీద కనిపించే పాచికి ఇది దగ్గరి చుట్టమే.

మామూలు పూలకుండీలో పాచి పడితే ఎవరూ పట్టించుకోరు. అదే వామనవృక్షం కుండీలో, అంటే బోన్సాయ్ కుండీలో పడితే ఇంటిల్లిపాదికీ కంగారు పుడుతుంది. ఎన్నో ఏళ్ళు కష్టపడి పెంచిన చెట్టు కదా! ఇక సలహాలకు కొదవ ఉండదు. మైలతుత్తం కలిపిన నీళ్ళు పొయ్యమని ఒకరంటారు. బ్లీచింగ్ పొడి చల్లమని మరొకరు, ఉప్పు వెయ్యమని ఇంకొకరు చెబుతారు. "అది ప్రకృతి సహజం, దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అని సలహా ఇచ్చే పెద్దమనుషులూ ఉంటారు.

ఈ సలహాలన్నీ తప్పేనని నా అభిప్రాయం. పాచిని విషం పెట్టి చంపటమూ తప్పే, చూసీ చూడనట్లు ఊరుకోవటమూ తప్పే. పాచి మనకు ఒక సంగతి చెబుతోంది. ముందు అది వినాలి. ఎందుకలా అంటున్నానో వివరిస్తాను. ఒప్పుకోవటమా మానటమా అన్నది మీరు ప్రయోగం చేసి తేల్చుకోండి.

పళ్ళెంలో మహావృక్షం

'బోన్సాయ్' జపాన్ మాట. 'బోన్' అంటే లోతు తక్కువైన పళ్ళెంలాంటి పాత్ర, 'సాయ్' అంటే నాటటం. ఈ కళ పుట్టింది చైనాలో. జపాన్‌వారు దాన్ని నేర్చుకొని తమదైన పద్ధతిలో వృద్ధి చేశారు. 1923లో వచ్చిన పెద్ద భూకంపం తరువాత టోక్యో నగరంలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి గాలీ నీరూ ఉన్న ఒమియా ప్రాంతానికి తరలిపోయి, 1925లో అక్కడ ఏకంగా ఒక బోన్సాయ్ గ్రామాన్నే నెలకొల్పారు.

వామనవృక్షం అంటే పొట్టిజాతి చెట్టు అనుకునేరు! కాదు. ఊరి చివర ఎకరం నేలలో ఊడలు దింపే మర్రి విత్తనమే కుండీలో జానెడు చెట్టవుతుంది. కొమ్మలను, వేళ్ళను వేళ తప్పకుండా కత్తిరిస్తూ, లోతులేని కుండీలో పెంచటంవల్ల అది చిన్నదిగా ఉండిపోతుంది. మన వైపు మర్రి, రావి, జువ్వి, చింత చెట్లను, కాగితపు పూల మొక్కను ఇలా పెంచుతూ ఉంటారు.

అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో జాతీయ వృక్షోద్యానం ఉంది. అక్కడ ఒక తెల్ల పైన్ వామనవృక్షాన్ని చూడవచ్చు. 1625 నుంచి అది కుండీలోనే పెరుగుతోంది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ చెట్టు పేలుడు జరిగిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, యమాకి అనే కుటుంబంవారి తోటలో ఉంది. చుట్టూ ఉన్న గోడ అడ్డుపడటంతో బతికి బయటపడింది. 1976లో మసారు యమాకి ఆ చెట్టును అమెరికా ప్రజలకు కానుకగా ఇచ్చారు. అణుబాంబును తట్టుకున్న ఆ చెట్టును కూడా వేసవిలో కొద్దిరోజులపాటు నీళ్ళు లేకుండా వదిలేస్తే ఎండిపోతుంది. అడవిలో చెట్టు తన నీటికోసం వేళ్ళను లోతుకు పంపుకోగలదు. కుండీలో చెట్టు ఎక్కడికి పంపుతుంది? నాలుగు దోసిళ్ళ మట్టే దాని లోకం. ఆ లోకం బాగోగులు పూర్తిగా మనిషి చేతిలో ఉన్నాయి. అందుకే ఆ మట్టిమీద పడిన పాచి సంగతి చిన్న విషయం కాదు.

పాచికి కావలసింది మూడే

పాచిలో ఉండేవి శైవలాలు. వీటికి వేరు, కాండం, ఆకు అనే తేడాలు ఉండవు. కొన్ని ఒంటరి కణాలుగా, కొన్ని పోగులుగా ఉంటాయి. పత్రహరితం ఉంది కాబట్టి ఎండనుంచి శక్తిని తీసుకొని తమ ఆహారాన్ని తామే తయారు చేసుకుంటాయి. వీటి కణాలూ సిద్ధబీజాలూ గాలిలో ఉంటాయి, నీటిలో ఉంటాయి, మట్టిలోనూ ఉంటాయి. కాబట్టి పాచి మన కుండీలోకి ఎలా వచ్చిందని ఆరా తీయటం దండగ. రాకుండా ఆపటం ఎవరి తరమూ కాదు. వచ్చినది ఎందుకు స్థిరపడింది? ఇదీ అడగవలసిన ప్రశ్న.

స్థిరపడటానికి పాచికి మూడు కావాలి. వెలుతురు, ఎడతెగని తడి, నత్రజని భాస్వరం వంటి పోషకాలు. మూడూ ఒకచోట దొరికితే అది కాపురం పెడుతుంది. వీటిలో ఏ ఒక్కటి కొరవడినా దాని పెరుగుదల కుంటుపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మట్టిమీద పచ్చగా కనబడేదంతా పాచి కాదు. భూతద్దంతో చూడండి. చిన్న చిన్న ఆకులు, కాడలు కనబడి, మెత్తని తివాచీలా ఉంటే అది మాస్ మొక్క. జపాన్‌లో ప్రదర్శనలకు పెట్టే కుండీల్లో అందంకోసం దాన్ని కావాలనే పరుస్తారు. ఆకులేమీ లేకుండా పూతలాగా, జిగురుగా ఉంటే అది పాచి.

పాచి దుర్మార్గురాలా?

పాచి అనగానే ముఖం చిట్లించకండి. శైవలాలకు మనమంతా రుణపడి ఉన్నాం. నీలి ఆకుపచ్చ శైవలాలని మన పెద్దలు పాఠాల్లో చదువుకున్నవాటిని ఇప్పుడు శాస్త్రజ్ఞులు సయనోబాక్టీరియా అంటున్నారు. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి వాతావరణంలో ప్రాణవాయువు పేరుకోవటం మొదలయింది వీటి పుణ్యమే.

అంతదాకా ఎందుకు? మన వరిపొలాలనే తీసుకోండి. నీరు నిలిచిన వరిమళ్ళలో ఈ జీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయని భారతీయ శాస్త్రజ్ఞుడు పి. కె. డే 1939లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. చవిటి నేలలను బాగుచెయ్యటానికి వీటిని ఉపయోగించవచ్చునని 1950లో ఆర్. ఎన్. సింగ్ అనే మరో శాస్త్రజ్ఞుడు ప్రకటించారు. వరికి వీటిని జీవన ఎరువుగా వాడటం కూడా ఉంది.

అంటే వరిమడిలో రైతుకు నేస్తమైనదే కుండీలో చిక్కు తెచ్చిపెడుతోంది. తేడా పాచిలో లేదు, చోటులో ఉంది. అలాగని కుండీలో దాన్ని ఉండనివ్వవచ్చునా? ఉండనివ్వకూడదు. కారణాలు చెబుతాను.

పాచి చెట్టు రసాన్ని పీల్చదు. వేళ్ళను కొరకదు. అది తినే పోషకాలు కూడా కొద్దిపాటివే. అయితే మందంగా పెరిగిన పాచి మట్టిమీద ఒక పొరలా బిగుసుకుంటుంది. ఎండినప్పుడు పెళుసై పెచ్చులుగా లేస్తుంది. పోసిన నీరు లోపలికి ఇంకక ఆ పొరమీదుగా జారి కుండీ అంచునుంచి కారిపోతుంది. పైన తడి, లోపల పొడి! అదీగాక, పొర కప్పేసిన మట్టి తడిగా ఉందో ఆరిందో మన కంటికి తెలియదు. తడిసిన పాచిమీద చిన్న చిన్న నల్ల దోమల్లాంటి ఈగలు కూడా చేరుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పాచి పడిందంటే ఆ మట్టి పైభాగం ఎప్పుడూ ఆరటం లేదన్న మాట. పైభాగమే ఆరకపోతే అడుగున మాటేమిటి? వేళ్ళు కూడా మనలాగే ఊపిరి పీలుస్తాయి. వాటికి ప్రాణవాయువు కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటే అది సులభంగా అందుతుంది. ఆ ఖాళీలను నీరు నింపేస్తే అందదు. ఎందుకంటే ప్రాణవాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో వ్యాపించే వేగం సుమారు 10,000 రెట్లు తక్కువ. ఊపిరాడని వేళ్ళు కుళ్ళిపోతాయి. చెట్టు చావుకు కారణం ఆ కుళ్ళు. పాచి కేవలం సాక్షి.

స్పాంజి చెప్పే పాఠం

మామూలు కుండీలకంటె వామనవృక్షాల కుండీల్లో ఈ బెడద ఎందుకు ఎక్కువ? గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఒకటి తీసుకొని నీళ్ళలో ముంచి, బల్లపరుపుగా అరచేతిలో పట్టుకోండి. కాసేపు నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా పట్టండి. మళ్ళీ నీరు కారుతుంది! స్పాంజి అదే, నీరూ అదే. ఎత్తు మాత్రమే మారింది.

స్పాంజిలోని సన్నని రంధ్రాలు కేశనాళికీయత అనే గుణంవల్ల కొంత ఎత్తువరకు నీటిని పట్టి ఉంచుతాయి. అంతకు పైనున్న నీటిని గురుత్వాకర్షణ కిందకు లాగేస్తుంది. కుండీలోని మట్టి కూడా ఇంతే. ఉదాహరణకు ఒక రకం మట్టి అడుగునుంచి 3 సెంటీమీటర్ల ఎత్తుదాకా నీటిని వదలకుండా పట్టి ఉంచుతుందనుకోండి. 15 సెంటీమీటర్ల లోతు కుండీలో అది అయిదో వంతు మాత్రమే. మిగతా నాలుగు వంతుల్లో వేళ్ళకు గాలి ఆడుతుంది. అదే మట్టిని 5 సెంటీమీటర్ల లోతు పళ్ళెంలో పోస్తే? అయిదింట మూడు వంతులు బురదే!

మట్టి ఎంత మెత్తనిదైతే ఈ తడి పొర ఎత్తు అంత పెరుగుతుంది. గరుకు రేణువులైతే తగ్గుతుంది. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. కాని మెత్తని మట్టిలోని నీరు గులకరాళ్ళ ఖాళీల్లోకి అంత సులభంగా దిగదు. తడి పొర కాస్తా గులకరాళ్ళ పైకి జరిగి, వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. నమ్మకం వేరు, పరీక్ష వేరు అనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఉండదు.

విషం పొయ్యటం సులభమే, కాని...

మైలతుత్తం సంగతి చూద్దాం. ఇది రాగి లవణం. దీనికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలను బూజు తెగులు పాడుచేస్తుంటే మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు మైలతుత్తమూ సున్నమూ కలిపిన మందుతో వాటిని కాపాడారు. దాన్నే మనం బోర్డో మిశ్రమం అంటున్నాం. తగిన చోట తగిన మోతాదులో అది మందే. కుండీలో పోస్తే మాత్రం కథ వేరు. రాగి మూలకం, అది విరిగి మాయమైపోదు. పోసిన ప్రతిసారీ ఆ గుప్పెడు మట్టిలోనే కొంతకొంత పేరుకుంటుంది. మోతాదు మించితే వేళ్ళ చివరలు దెబ్బతింటాయి. వేళ్ళతో కలిసి బతికే మేలైన శిలీంధ్రాలు కూడా నశిస్తాయి. బ్లీచింగ్ పొడిలోని క్లోరిన్‌కు పాచి ఏదో వేరు ఏదో తెలియదు. ఇక ఉప్పు సంగతి సరేసరి. ఉప్పు ఎక్కువైన మట్టిలో నీరున్నా వేళ్ళు దాన్ని పీల్చుకోలేవు.

ఇంత చేసినా ఫలితం ఏమిటి? పాచి చస్తుంది. తడి అలాగే ఉంది, వెలుతురు అలాగే ఉంది, ఎరువు అలాగే ఉంది. గాలిలో సిద్ధబీజాలకు కరువా? కొద్దివారాల్లో మళ్ళీ పచ్చపూత ప్రత్యక్షం! అప్పుడు మరోసారి విషం. జ్వరం వచ్చినవాడి జ్వరమానిని పగలగొడితే జ్వరం తగ్గుతుందా?

మరేం చెయ్యాలి?

ముందు పాత చెంచాతో పైన అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మట్టిని, వేళ్ళకు తగలకుండా, పాచితో సహా నెమ్మదిగా గీకి తీసెయ్యండి. ఆ చోట కడిగిన దొడ్డు ఇసుకగాని, జల్లించిన ఇటుక పలుకులుగాని పరవండి. ఇవి త్వరగా ఆరతాయి, కింది మట్టికి వెలుతురు తగలనివ్వవు. మానుమీద పాచి ఉంటే మెత్తని పాత పళ్ళబ్రష్‌ను నీటిలో ముంచి రుద్దితే పోతుంది.

తరువాత కారణాల పని పట్టండి. కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. నీళ్ళు పొయ్యబోయే ముందు సన్నని వెదురుపుల్లను మట్టిలో గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల తడిసి నల్లబడి ఉంటే ఆగండి. దాదాపు పొడిగా ఉంటే నీళ్ళు పొయ్యండి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాలనుంచి కారేదాకా నిండుగా పొయ్యాలి. "రోజూ ఉదయం ఒక చెంబు" అనే లెక్క పనికిరాదు. జూలై ముసురులో రెండు మూడు రోజులకు ఒకసారి చాలవచ్చు, మే నెల వడగాడ్పులో రోజుకు రెండుసార్లు కావలసి రావచ్చు. పాచిని చంపాలని చెట్టును ఎండగట్టారో, పాచికంటె ముందు చెట్టే పోతుంది!

చెట్టుకు వెలుతురు తప్పదు కాబట్టి దాన్ని తగ్గించలేం. ఎరువు మాత్రం చెప్పిన మోతాదు మించకుండా చూసుకోవచ్చు. మట్టి మరీ మెత్తబడిపోతే, తిరిగి నాటే అదనులో జల్లెడపట్టి సన్నని పొడి తీసేసిన గరుకు మిశ్రమంలోకి మార్చాలి. ఆ పని అనుభవమున్న పెద్దల సాయంతో చెయ్యండి.

మీరే పరీక్షించండి

ఒకే కొలత గల నాలుగు ఖాళీ డబ్బాలు సంపాదించండి. పెద్దవాళ్ళ చేత అడుగున రంధ్రాలు చేయించి, ఒకే మట్టి నింపి, వెలుతురు సమానంగా పడేచోట వరసగా పెట్టండి. మొదటిదానిలో మట్టిని ఎప్పుడూ తడిగా ఉంచండి, వారానికోసారి కొద్దిగా ఎరువు నీళ్ళు పొయ్యండి. రెండోదాన్ని కూడా ఎప్పుడూ తడిగానే ఉంచండి, ఎరువు వద్దు. మూడోదానికి పైమట్టి ఆరిన తరువాతే నీళ్ళు పొయ్యండి. నాలుగోదానిపైన ఒక సెంటీమీటరు మందాన దొడ్డు ఇసుక పరిచి, తక్కినదంతా మొదటిదానిలాగే చెయ్యండి. నాలుగు నుంచి ఆరు వారాలపాటు వారానికొకసారి చూసి ఎక్కడ ఎంత పచ్చదనం వచ్చిందో రాసుకోండి.

మొదటి డబ్బా అన్నిటికంటె ముందు పచ్చబడుతుందనీ, మూడోది వెనుకబడుతుందనీ నేను అనుకుంటున్నాను. మీకు అలా రాకపోతే మీ లెక్కను దిద్దకండి. వచ్చింది వచ్చినట్లే రాసి, ఎందుకలా వచ్చిందో వెతకండి.

ఇది పిల్లల ఆట అని ఎవరైనా అంటే కెనడాలోని 226వ నంబరు సరస్సు సంగతి చెప్పండి. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఆ సరస్సును పెద్ద తెరతో రెండు భాగాలు చేసింది. ఒక భాగంలో కర్బనం, నత్రజని ఉన్న పదార్థాలు మాత్రమే కలిపారు. రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిసిన భాగం పచ్చగా మారిపోయింది, రెండోది దాదాపు మామూలుగానే ఉంది. సబ్బుపొడుల్లోని భాస్వరం సరస్సులను పాడుచేస్తోందా లేదా అన్న పెద్ద వివాదానికి ఆ ప్రయోగం బలమైన సాక్ష్యం ఇచ్చింది. మీ నాలుగు డబ్బాల ఆలోచన, ఆ సరస్సు ఆలోచన ఒకటే: ఒక్క అంశాన్ని మార్చి, తక్కినవాటిని మార్చకుండా ఉంచటం.

మన హుస్సేన్ సాగర్ వంటి చెరువుల్లో మురుగు కలిసి నీళ్ళు పచ్చబడినప్పుడు కూడా మందు చల్లి పాచి తీసేస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. మురుగు వచ్చే కాలవను ఆపకుండా పాచిని తీయటం, నీళ్ళచెంబును ఆపకుండా కుండీలో విషం పొయ్యటంలాంటిదే. రేపు మీలో ఇంజనీర్లయ్యేవారూ పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో కూర్చునేవారూ ఉంటారు. ఆనాడు చెరువు ముందు నిలబడి "దీన్ని దేనితో చంపాలి?" అని అడుగుతారో, "దీనికి తిండి ఎక్కడినుంచి వస్తోంది?" అని అడుగుతారో అన్నదాన్నిబట్టి ఊరి మంచినీళ్ళ భవితవ్యం ఉంటుంది. ఆ రెండో ప్రశ్న అడగటం కుండీ దగ్గరే అలవాటు చేసుకోవచ్చు. ఇక డబ్బాలు వెతకండి. వానాకాలమైతే మరీ మంచిది, పాచి మిమ్మల్ని ఎక్కువ రోజులు కాచుకోనివ్వదు.